సూది గదిలో తల్లిదండ్రుల పని

నర్సు సిరంజి కవరు చింపుతున్న చప్పుడు వినబడగానే మన నోటి నుంచి అప్రయత్నంగా వచ్చే మాట ఒకటుంది: "ఏం కాదు, ఏం కాదు." ఆ మాట అనని తల్లి గాని తండ్రి గాని అరుదు. అయితే పెద్దవాళ్ళు ఆ మాట ఎప్పుడెప్పుడు అంటారో పిల్లల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. కిందపడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు అంటారు, ఉరుముకు ఉలిక్కిపడినప్పుడు అంటారు, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నప్పుడు అంటారు. ఏదో ఒకటి అయినప్పుడే ఈ మాట వినబడుతుందని మూడేళ్ళ పిల్లలకు కూడా తెలిసిపోయి ఉంటుంది కనుక, మనం ధైర్యం కోసం చెప్పిన మాట వాళ్ళకు హెచ్చరికలాగా చేరుతుంది.

నా కూతురికి నాలుగేళ్ళప్పుడు మెట్ల మీద పడి గడ్డం కింద చీరుకుపోయింది. కుట్లు వేయాలన్నారు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కదలకుండా దుప్పటి చుట్టి, ఒకరు తల, ఒకరు భుజాలు పట్టుకుంటే నేను కాళ్ళు పట్టుకున్నాను. కుట్టు పడుతున్నంతసేపూ నేను "ఏం కాదమ్మా" అంటూనే ఉన్నాను, తను అరుస్తూనే ఉంది. ఐదు రోజుల తర్వాత కుట్లు తీయించడానికి బయలుదేరుతుంటే చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది: "ఈసారి కూడా నువ్వే కాళ్ళు పట్టుకుంటావా?" సూది గురించి అడగలేదు, డాక్టరు గురించి అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

టీకా, రక్తపరీక్ష, సెలైన్ కోసం కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టడం, కుట్లు, గాయానికి కట్టు మార్చడం, మూత్రమార్గంలో గొట్టం వేయడం, వెన్నులోంచి నీరు తీయడం వంటి సందర్భాలకు ఇవి వర్తిస్తాయి. ప్రాణాపాయంలో క్షణాలు లెక్కపెట్టుకునే స్థితి వేరు. అక్కడ వైద్యులకు అడ్డు రాకుండా, పిల్లల తల దగ్గర నిలబడి, వాళ్ళకు మన గొంతు వినబడేలా చూసుకుంటే చాలు.

నొప్పి తగ్గించమని ముందే అడగాలి

పసిపిల్లలకు నొప్పి అంతగా తెలియదని, తెలిసినా గుర్తుండదని వైద్యులలోనే చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. 1980ల వరకు నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు తగినంత మత్తు లేకుండానే శస్త్రచికిత్సలు చేసిన సందర్భాలున్నాయి. 1987లో కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీసింది. గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసే శస్త్రచికిత్సలో ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు అందుకున్న శిశువులు, అది అందని శిశువుల కంటే శస్త్రచికిత్సను మెరుగ్గా తట్టుకున్నారని అందులో తేలింది. పదేళ్ళ తర్వాత, 1997లో, ఆనా టాడియో అనే పరిశోధకురాలి బృందం మరొక విషయం చూపించింది. పుట్టిన కొత్తలో సున్తీ జరిగిన మగపిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు, సున్తీ జరగని పిల్లల కంటే ఎక్కువ బాధ కనబరిచారు. సంఘటన గుర్తుండకపోవచ్చు గాని, శరీరం దాన్ని లెక్కలో ఉంచుకుంటుందన్నమాట.

కనుక "ఒక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోతుంది కదా" అనుకుని ఊరుకోకుండా, నొప్పి తగ్గించడానికి ఏమి చేస్తారో అడగడం తల్లిదండ్రుల మొదటి పని. అడిగితే ఏమనుకుంటారోనన్న సంకోచం చాలామందిలో ఉంటుంది, నాలోనూ ఉండేది. నిజానికి ఇది వైద్యుల నైపుణ్యాన్ని శంకించడం కాదు. మందుకు అలర్జీ ఉందని చెప్పడం ఎంత సహజమో, నొప్పి గురించి అడగడమూ అంతే సహజం. "ఇది చేసేటప్పుడు పాపకు నొప్పి తెలియకుండా ముందుగా ఏదైనా రాసే మందు ఉందా? దానికి ఎంతసేపు ముందు రావాలి?" అని అడిగితే సరిపోతుంది.

ఎంతసేపు ముందు అన్నదే ఇక్కడ కీలకం. లిడోకైన్, ప్రిలోకైన్ అనే రెండు మందులు 2.5 శాతం చొప్పున కలిపిన తిమ్మిరి క్రీమ్ ఒకటుంది. దాన్ని సూది పడబోయే చోట మందంగా పెట్టి, పైన పల్చని ప్లాస్టిక్ పొర అంటించి, దాదాపు 60 నిమిషాలు ఉంచితేనే పనిచేస్తుంది. గదిలోకి వెళ్ళాక గుర్తొస్తే అప్పటికి ఆలస్యమైపోతుంది. క్రీమ్ కింద చర్మం కొంత తెల్లగా పాలిపోవడం మామూలే. ఒక చేతిలో నరం దొరక్కపోతే రెండో చేతిలో చూడవలసి వస్తుంది గనుక, రెండు చోట్లా రాయవచ్చా అని డాక్టరునే అడగాలి. చిన్న పిల్లల్లో ఈ మందు మోతాదు మించితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది కాబట్టి, ఎంత రాయాలో, ఎక్కడ రాయాలో వైద్యులు చెప్పినట్టే చేయాలి, తెగిన చర్మం మీద దీన్ని సొంతంగా రాయకూడదు. తెగిన గాయానికి కుట్లు వేసే ముందు గాయంలోనే వేసే తిమ్మిరి జెల్ వేరే ఉంది, అది 20 నుంచి 30 నిమిషాల్లో పనిచేస్తుంది. నా కూతురి గడ్డానికి కుట్లు వేసిన రోజున అటువంటిది ఒకటుందని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

వెన్నులోంచి నీరు తీయడం, ఎముక మూలుగ పరీక్ష, విరిగిన ఎముకను సరిచేయడం వంటి వాటికి క్రీమ్ చాలదు. మత్తు ఇస్తారా, ఇస్తే ఎవరు ఇస్తారు, మెలకువ వచ్చేదాకా ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అన్నవి అడగవలసిన ప్రశ్నలు. మత్తు ఇచ్చేటప్పుడు పొట్ట ఖాళీగా ఉండాలి. పారదర్శకంగా ఉండే నీళ్ళవంటి ద్రవాలు 2 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు, ఘనాహారం 6 గంటల ముందు ఆపడం చాలాచోట్ల అనుసరించే లెక్క. మీ ఆసుపత్రి ఏ లెక్క చెబితే అదే పాటించండి. బిడ్డ ఆకలికి ఏడుస్తున్నాడని జాలిపడి దారిలో ఒక బిస్కెట్టు పెట్టడం ప్రేమే అయినా, మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పెట్టి ఉంటే దాచకుండా చెప్పాలి, పని వాయిదా పడినా ఫరవాలేదు.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రను వైద్యులకు చెప్పకుండా ముందే వేసేయడం మంచిది కాదు. టీకాకు ముందు పారాసెటమాల్ వేయడం వల్ల సూది నొప్పి తగ్గదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయడం లేదు.

చెప్పవలసిన మాటలు, చెప్పకూడని మాటలు

ఈ పని ఆసుపత్రిలో మొదలు కాదు. అల్లరి చేసినప్పుడల్లా "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తాను" అని బెదిరించే ఇంట్లో సూది ఒక శిక్ష. నిజంగా సూది వేయించవలసిన రోజున ఆ బిడ్డ మనసులో తిరిగే ప్రశ్న "నేనేం తప్పు చేశాను?" అన్నదే. ఇంతకుముందు ఆ మాట అని ఉంటే ఈ రోజునుంచి మానేసి, ఇది ఎవరి తప్పుకూ శిక్ష కాదని విడిగా ఒకసారి చెప్పాలి. పిల్లలు అడగకపోయినా చెప్పాలి.

ఇక అబద్ధాలు. "ఊరికే చూసి పంపిస్తారు" అని తీసుకెళ్ళి గదిలో కూర్చోబెట్టాక సూది చూపిస్తే ఆ ఒక్కరోజుకు పని జరిగిపోతుంది, కాని తర్వాత ఆసుపత్రి గేటు దాటడమే కష్టమవుతుంది. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నది దానికంటే మెత్తటి అబద్ధం. టీకాకు ఆ పోలిక కొంతవరకు నప్పుతుందేమో గాని, కాన్యులాకు నప్పదు. పైగా చీమ కుట్టడం అందరు పిల్లలకూ చిన్న విషయమని ఎవరన్నారు? నొప్పి ఎంత ఉంటుందో మనం ముందే నిర్ణయించి చెప్పకుండా, ఏమేమి జరుగుతుందో వరుసగా చెప్పడం మేలు. "ముందు చేతికి చల్లటి దూది రాస్తారు. తర్వాత ఒక రబ్బరు పట్టీ బిగిస్తారు, అది గట్టిగా ఉంటుంది. తర్వాత సూది గుచ్చుతారు. కొందరికి చురుక్కుమంటుంది, కొందరికి నొక్కినట్టు ఉంటుంది. నీకెలా ఉందో అయిపోయాక నాకు చెప్పు." ఈ చివరి వాక్యం వల్ల బిడ్డకు ఒక పని దొరుకుతుంది, తన నొప్పిని తను గమనించి చెప్పే పని.

ఎంత ముందుగా చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. మూడు నాలుగేళ్ళలోపు పిల్లలకు కాలం మీద పట్టు ఉండదు, వారం ముందు చెబితే వారమంతా భయపడతారు. వాళ్ళకు ఆ రోజు ఉదయమో, బయలుదేరే ముందో చెబితే చాలు. బడికి వెళ్ళే వయసువారికి ఒకటి రెండు రోజుల ముందు, పదేళ్ళు దాటినవారికి తేదీ ఖాయమైనప్పుడే చెప్పాలి. ఐదారేళ్ళ లోపువారికి బొమ్మకు సూది వేసే ఆట మాటలకంటే బాగా అర్థమవుతుంది. ఆటలో బొమ్మ ఏడిస్తే ఏడవనివ్వండి, "బొమ్మ చూడు ఎంత మంచిదో, ఏడవలేదు" అని అక్కడ కూడా పాఠం చెప్పకండి.

మనకు తెలియకుండానే జరిగే పొరపాటు మరొకటుంది. మన భాషలో ఏ పనినైనా మృదువుగా చెప్పాలంటే ప్రశ్నగా చెప్పడం అలవాటు. "సూది వేయించుకుందామా?", "కూర్చుందామా?", "ఇక మొదలుపెట్టమందామా?" అంటాము. బిడ్డ "వద్దు" అంటుంది. అది మనమడిగిన ప్రశ్నకు సరైన జవాబే. అయినా మనం సూది వేయిస్తాము. అడిగి, జవాబు విని, పక్కన పెట్టేయడం అడగకపోవడం కంటే అన్యాయం. జరిగి తీరవలసిన దాన్ని వాక్యంగానే చెప్పి, నిజంగా ఎంచుకోగల వాటినే ప్రశ్నలుగా అడగాలి. కుడి చేయా ఎడమ చేయా, నా ఒళ్ళో కూర్చుంటావా పక్కన కూర్చుంటావా, సూది వంక చూస్తావా అటు తిరుగుతావా, ఏ కథ కావాలి, అయిపోయాక అంటించే ప్లాస్టరు నువ్వే అంటిస్తావా. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం పిల్లలకు వదిలేయకండి. "నువ్వు రెడీ అన్నప్పుడే వేస్తారు" అంటే వినడానికి బాగుంటుంది గాని, ఆ క్షణం రాదు, ఎదురుచూసిన ప్రతి నిమిషమూ భయాన్ని పెంచుతుంది.

గదిలో ఎవరు, ఎలా కూర్చోవాలి

ఒకప్పుడు తల్లిదండ్రులను గది బయటే నిలబెట్టడం ఆసుపత్రుల్లో నియమంగా ఉండేది. బ్రిటన్‌లో 1959లో వెలువడిన ప్లాట్ నివేదిక, ఆసుపత్రిలో చేరిన పిల్లలను చూడడానికి తల్లిదండ్రులకు ఆంక్షలు ఉండకూడదని సిఫారసు చేసిన తర్వాత ఆ దృష్టి క్రమంగా మారుతూ వచ్చింది. ఇప్పటికీ "మీరు బయట ఉండండి, మీరుంటే ఇంకా ఏడుస్తాడు" అన్న మాట వినవలసి వస్తుంది. అమ్మను చూసి బిడ్డ గట్టిగా ఏడవడం నిజమే కావచ్చు. ఏడవగలిగే చోటు దొరికింది గనుక ఏడుస్తాడు. ఏడుపు వినబడకపోతే భయం లేదని అనుకోవడానికి లేదు. "నేను లోపలే ఉంటాను, మీకు అడ్డు రాను, ఎక్కడ కూర్చోమంటారో చెప్పండి" అంటే చాలావరకు ఒప్పుకుంటారు. సూక్ష్మక్రిములు చేరకూడని శస్త్రచికిత్స గది వంటి చోట్ల మాత్రం వారి మాటే ఆఖరి మాట.

అయితే అందరూ లోపలికి వెళ్ళాలని లేదు. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవారు, సూది పేరెత్తితే చెమటలు పట్టేవారు బలవంతంగా వెళ్ళి గదిలో పడిపోతే, అందరూ బిడ్డను వదిలి వారిని చూసుకోవలసి వస్తుంది. పిన్నిగాని, తాతయ్యగాని, బిడ్డకు చనువున్న మరొకరు వెళ్ళవచ్చు. అది లోపమేమీ కాదు. వెళ్ళేవారు కూడా నిలబడకుండా కూర్చోవాలి, గాయం వంక కాకుండా బిడ్డ ముఖం వంక చూడాలి, లోపలికి వెళ్ళే ముందు నెమ్మదిగా నాలుగైదుసార్లు ఊపిరి వదలాలి. మన చేతుల బిగువు, మన గుండె దడ ఒళ్ళో ఉన్న బిడ్డకు మాటలకంటే ముందే తెలుస్తాయి.

వెల్లకిలా పడుకోబెట్టి నొక్కిపెట్టడం పిల్లలకు నొప్పికంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. దాని బదులు ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోవచ్చు. చేతి నుంచి రక్తం తీసేటప్పుడు బిడ్డ ఛాతీ మన ఛాతీకి ఆనేలా ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు కాళ్ళూ మన నడుముకు చెరోవైపు వేయించి, ఒక చేయి మన చంక కిందుగా వెనక్కి చాపిస్తే, నర్సు మన వీపు వెనుక ఆ చేతిని చూసుకుంటారు. బిడ్డకు మన భుజం, మెడ మాత్రమే కనబడతాయి. తొడకు సూది వేసేటప్పుడు బిడ్డ వీపు మన ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకుని, బిడ్డ కాళ్ళను మన కాళ్ళ మధ్య ఒడిసిపట్టి, రెండు చేతులతో కౌగిలించుకోవచ్చు. కదలకుండా ఉండవలసిన చేతిని గాని కాలును గాని స్థిరంగా పట్టుకోవడం నర్సు పని. మన పట్టు కౌగిలిగానే ఉండాలి. ఈ భంగిమలను ఇంట్లో ఒకసారి ఆటగా చేసి చూసి, గదిలోకి వెళ్ళగానే "ఇలా ఒళ్ళో పెట్టుకుంటే మీకు వీలవుతుందా?" అని అడగండి. కొందరు వద్దంటారు. కొందరు మాత్రం తమకు కూడా అదే సులువంటారు.

పసికందుల విషయం ఒక రకంగా తేలిక. పాలు తాగుతున్న బిడ్డకు సూదికి ముందునుంచే రొమ్ము అందించి, సూది పడుతున్నప్పుడు, పడ్డాక కూడా తాగనివ్వడం బాగా పనిచేస్తుంది. టీకాల నొప్పిని తగ్గించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో ఇది కూడా ఉంది. పాలు తాగుతుండగా సూది వేస్తే బిడ్డ అసలు రొమ్మే మానేస్తుందేమోనని తల్లులు బెంగపడతారు గాని, ఆ బెంగ అక్కర్లేదు. ఆసుపత్రిలో ఉన్న నవజాత శిశువులకు మడమ నుంచి రక్తం తీసేముందు 2 నిమిషాల ముందుగా కొన్ని చుక్కల పంచదార ద్రావణం నాలుక మీద వేస్తారు, సాధారణంగా అది 24 శాతం గాఢతలో ఉంటుంది. ఇంటి నుంచి తేనె తీసుకెళ్ళి నాకించకండి, ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కొలంబియాలోని బొగోటాలో 1978లో బరువు తక్కువ శిశువుల కోసం మొదలైన కంగారూ పద్ధతి, అంటే బిడ్డను తల్లి లేదా తండ్రి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవడం, మడమ సూది సమయంలో కూడా ఉపయోగపడుతుంది. తండ్రులు చేయగలిగిన పని ఇది.

సూది పడుతున్నప్పుడు ఏమి మాట్లాడాలి

పిల్లల బాధాకర పరీక్షల్లో పెద్దలు అనే ప్రతి మాటనూ, దానికి పిల్లల స్పందననూ లెక్కగట్టి చూసిన పరిశోధకులు ఉన్నారు. రోనాల్డ్ బ్లౌంట్ బృందం 1980ల చివరినుంచి చేసిన ఈ తరహా పనిలో, ఆ తర్వాత ఇతరులు చేసిన వాటిలో, వినగానే నమ్మబుద్ధి కాని సంగతి ఒకటి పదేపదే కనబడింది. ఓదార్పు మాటలు, క్షమాపణలు, మందలింపులు పిల్లల బాధతో కలిసి పెరుగుతున్నాయి. పరీక్షతో సంబంధంలేని కబుర్లు, నవ్వించే మాటలు, "ఇప్పుడు గట్టిగా ఊదు" వంటి స్పష్టమైన సూచనలు పిల్లలు తట్టుకోవడానికి తోడ్పడుతున్నాయి. బిడ్డ ఎక్కువ ఏడుస్తోంది కనుకనే ఎక్కువ ఓదారుస్తామని వాదించవచ్చు, అందులోనూ కొంత నిజముంది. కాని "ఏం కాదు" అన్న మాట బిడ్డ దృష్టిని తిరిగి సూది మీదికే తెస్తుందన్నది ఎవరైనా ఒకసారి గమనిస్తే తెలుస్తుంది.

కాబట్టి నోటికి వేరే పని పెట్టాలి. గదిలో ఒక్క గొంతే బిడ్డతో మాట్లాడాలి, అది మీదే కావాలి. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, నర్సు ఒకటి చెబుతుంటే బిడ్డకు ఏ మాటా అందదు. ఊపిరి వదిలించడం అన్నిటికంటే నమ్మదగిన ఉపాయం. సబ్బునీటి బుడగలు ఊదించవచ్చు, కాగితపు గాలిపంకా తిప్పించవచ్చు, ఏదీ లేకపోతే మీ వేలు నిలబెట్టి "ఈ కొవ్వొత్తి ఆర్పు, ఆరలేదు, ఇంకోసారి" అనవచ్చు. సరిగ్గా సూది దిగే క్షణంలో ఊదడం జరిగేలా నర్సుతో ముందే కళ్ళతో సైగ ఒప్పందం చేసుకుంటే ఇంకా మంచిది.

ఫోనులో వీడియో పెట్టడం చెడ్డదేమీ కాదు, అయితే గదిలోకి వెళ్ళాక వెతకడం మొదలుపెట్టకుండా ముందే తెరిచి ఉంచుకోవాలి. ఊరికే చూడడం కంటే బిడ్డ ఏదో ఒకటి చేయవలసిన ఆటలు దృష్టిని బాగా నిలుపుతాయి. కథ చెప్పేటప్పుడు కావాలని తప్పులు చెప్పండి. "అప్పుడు ఏనుగు చెట్టెక్కి గూట్లో గుడ్డు పెట్టింది" అంటే, ఏడుస్తున్న పిల్ల కూడా సరిదిద్దకుండా ఉండలేదు. అన్నట్టు, కొందరు పిల్లలు సూదినే చూస్తామంటారు. వారి తల బలవంతంగా తిప్పకండి. ఏమవుతోందో తెలుసుకోవడమే వారికి ధైర్యం.

ఒకే రోజు రెండు మూడు సూదులుంటే ఎక్కువ మండే దాన్ని చివర వేయమని అడగవచ్చు.

ఏడుపును ఆపే ప్రయత్నం మాత్రం చేయకండి. "మగపిల్లాడివి, ఏడుస్తావా?", "ఆ పాప చూడు, నీకంటే చిన్నది" అన్న మాటలు నొప్పికి సిగ్గును జతచేస్తాయి. చేయి కదపకపోతే చాలు, ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరి పనికీ ఆటంకం లేదు. "ఏడవచ్చు, చేయి మాత్రం బొమ్మలా ఉంచు" అని చెప్పండి.

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు ఈ ఆటలు నప్పవు. లోపలికి రావాలా వద్దా అని వారినే అడగండి, వద్దంటే నొచ్చుకోకండి. ఈ వయసులో సూది పడగానే కళ్ళు తిరిగి పడిపోయేవారు కొందరుంటారు. అటువంటివారు పడుకునే వేయించుకోవాలి. కాళ్ళు, పొట్ట, సూది పడని చేయి కండరాలను 10, 15 సెకన్లు ముఖం వెచ్చబడేదాకా బిగించి, అర నిమిషం వదిలి, మళ్ళీ బిగిస్తుంటే రక్తపోటు పడిపోకుండా ఉంటుంది. సూది పడే చేయి మాత్రం వదులుగా ఉండాలి.

ఆగమని చెప్పవలసినప్పుడు

కాన్యులా కోసం మొదటిసారి నరం దొరకలేదు, రెండోసారీ దొరకలేదు, మూడోచోట వెతుకుతున్నారు. ఇది పిల్లల వార్డుల్లో తరచుగా జరిగేదే, ఇందులో నర్సు తప్పేమీ ఉండకపోవచ్చు. చిన్న నరాలు, భయంతో చల్లబడిన చేతులు, ఒంట్లో నీరు తగ్గడం, ఇవన్నీ పనిని కష్టం చేస్తాయి. ఒకరు రెండుసార్లకు మించి ప్రయత్నించకుండా మరొకరిని పిలవడం చాలాచోట్ల పాటించే పద్ధతి. "ఒక్క నిమిషం ఆగుదామండీ. పాప కొంచెం తేరుకుంటుంది. ఇంకెవరైనా అనుభవం ఉన్నవారిని పిలవగలరా?" అని గొంతు పెంచకుండా అడగవచ్చు. అదే సమయంలో ఈ కాన్యులా ఇప్పుడే కావాలా, మందు నోటి ద్వారా ఇవ్వవచ్చా, వేడి గుడ్డ చుట్టి కాసేపయ్యాక చూడవచ్చా అని కూడా అడగాలి. బిడ్డ భయంతో పూర్తిగా అదుపు తప్పి, నలుగురు కలిసి నొక్కిపెట్టే స్థితి వస్తే, అత్యవసరం కాని పనిని ఆపి మరో రోజు మత్తుతోనో క్రీముతోనో చేయమనడం ఓటమి కాదు. అత్యవసరమైతే మాత్రం ఆపమనకూడదు. అప్పుడు వేగంగా ముగియనివ్వడమే దయ.

కాలిన గాయాలకు కట్టు మార్చడం వంటివి మళ్ళీమళ్ళీ జరిగేవి గనుక అక్కడ మన గమనిక ఎక్కువ పనికొస్తుంది. ఇచ్చిన నొప్పి మందు పనిచేయడానికి ఎంతసేపు పడుతుందో అడిగి, అంత సమయం గడిచాకే కట్టు విప్పమని గుర్తుచేయాలి. అంచున ఊడిన ప్లాస్టరును తనే తీసుకోనిస్తే, తన ఒంటి మీద తనకూ కొంత అధికారం ఉందని బిడ్డకు అనిపిస్తుంది. వీలైతే ఈ పనులన్నీ వేరే గదిలో చేయమని అడగండి. నిద్రపోయే మంచం మీదే నొప్పి కూడా జరిగితే తలుపు చప్పుడైన ప్రతిసారీ బిడ్డ ఉలిక్కిపడుతుంది.

అయిపోయిన తర్వాత

సూది తీయగానే అందరం అనే మాట "చూశావా, ఏమీ నొప్పి లేదు కదా!" నొప్పి పుట్టిందన్న సంగతి బిడ్డకు తెలుసు. ఈ మాటతో తన అనుభవం మీద తనకే అనుమానం పుట్టిస్తున్నామన్నమాట. దానికి బదులు జరిగిన దాన్ని జరిగినట్టు ఒప్పుకుని, బిడ్డ చేసిన పనిని పేరుపెట్టి చెప్పాలి. "నొప్పి పుట్టింది, అయినా చేయి కదపలేదు. మూడుసార్లు ఊదావు." నాలుగేళ్ళు దాటిన పిల్లలకు ఆరు ముఖాల బొమ్మలతో, సున్నా నుంచి పది దాకా నొప్పి చూపించే పట్టిక ఆసుపత్రుల్లో ఉంటుంది. దాన్ని అడిగి బిడ్డ చేతికిచ్చి చూపించమనండి. వేలు ఏ ముఖం మీద పెడితే అదే నిజం, "అంత లేదులే" అని మనం సరిచేయకూడదు.

నొప్పి ఎంతో, దాని జ్ఞాపకం ఎంతో ఒకటే కాదు. మెలనీ నోయెల్ వంటి పరిశోధకులు చూపించినట్టు, జరిగినదానికంటే ఎక్కువ నొప్పిగా గుర్తుపెట్టుకున్న పిల్లలు తర్వాతిసారి ఎక్కువ బాధపడతారు. అందుకే ఆ రాత్రి, మరో రెండు మూడు రోజులు, ఆ కథను బిడ్డతో కలిసి చెప్పుకోవడం అవసరం. భయపడిన భాగాన్ని కత్తిరించకుండానే, బిడ్డ మరిచిపోయిన భాగాలను కూడా అందులో కలపాలి. ఏనుగు గుడ్డు దగ్గర నవ్వడం, ప్లాస్టరు తనే అంటించుకోవడం, నర్సుకు చేయి ఊపడం. బంధువుల ముందు "అబ్బో, ఆసుపత్రంతా అదిరిపోయేలా ఏడ్చాడు" అని నవ్వుతూ చెప్పే కథ మాత్రం పిల్లవాడు వింటుండగా చెప్పకండి.

మనం తప్పు చేసి ఉంటే అది కూడా చెప్పుకోవచ్చు. గుమ్మంలో నా కూతురు అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేనన్నది ఇదే: "లేదు. ఆ రోజు నాకు తెలియక కాళ్ళు పట్టుకున్నాను. ఈ రోజు నువ్వు నా ఒళ్ళో కూర్చుంటావు." ఆసుపత్రిలో కుట్లు తీసే కత్తెర చూడగానే మళ్ళీ ఏడ్చింది. ఒళ్ళోనే కూర్చుని ఏడ్చింది.

ఏడాది తర్వాత రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టబోయిన నర్సును తనే ఆపింది, మూడు ఎప్పుడొస్తుందా అని చూడడమే తనకు భయమట. ఇటువంటివి మనకు గుర్తుంటాయనుకుంటాము గాని ఉండవు, అందుకే పాత మందుచీటీల ఫైలు అట్ట లోపలి వైపు రాసి పెట్టాను. తర్వాత ఎవరు తీసుకెళ్ళినా, వాళ్ళ నాయనమ్మ తీసుకెళ్ళినా, ఆ ఫైలు తెరవగానే కనబడుతుంది: క్రీమ్ గంట ముందు. ఎడమ చేయి. ఒళ్ళో, ఎదురుగా. సూది చూస్తానంటుంది, చూడనివ్వండి. లెక్కపెట్టొద్దు.